ముక్కు మీద కోపం

బి.యస్సీ. (బి.జడ్.సి.), ఆఖరి సంవత్సరం

సావనీర్‌కి ఏదైనా రాయమని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, కవిత్వం నాకు రాదు, కథ అంతకన్నా రాదు అని తప్పించుకోబోయాను. "సైన్సు వాడివి గదా, సైన్సే రాయి. కాని పాఠంలా ఉండకూడదు" అన్నాడు. పాఠంలా కాకుండా నాకు తెలిసిన సైన్సు ఒక్కటే ఉంది. అది మా ఇంట్లో జరిగింది. మా నాన్న ముక్కులో జరిగింది. కొంత నా ముక్కులోనూ జరుగుతోంది.

నవ్వకండి. "పడిశం పది రోగాల పెట్టు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. మామూలు జలుబు గురించి హాస్టల్లో ఒక మాట ఉంది: మందు వేసుకుంటే వారం రోజుల్లోనూ, వేసుకోకపోతే ఏడు రోజుల్లోనూ తగ్గుతుందని. నేను చెప్పబోయేది ఆ జలుబు గురించి కాదు. వారం కాదు, నెల కాదు, 12 వారాలు దాటినా వదలని ముక్కు వాపు గురించి. ఆయుర్వేదం వారు పీనసమంటారు, ఇంగ్లీషు వైద్యులు క్రానిక్ సైనసైటిస్ అంటారు, మా ఊళ్ళో మాత్రం "వాడికెప్పుడూ రొంపే" అని ఊరుకుంటారు.

మా నాన్నకి పదేళ్ళకు పైగా ముక్కు పనిచెయ్యలేదు. ఊపిరి ఆడదు, వాసన తెలియదు. రాత్రంతా నోటితో గాలి పీల్చుకుని, తెల్లవారుజామునే లేచి అరుగు మీద కూర్చునేవాడు. కుప్పనూర్పిళ్ళ రోజుల్లో మరీ ఎక్కువయ్యేది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి గాని దుమ్ము తగ్గలేదు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు ప్రతి ఏడూ ఐదు రోజుల యాంటీబయాటిక్ బిళ్ళలు, ఒక సూది మందు, దాంతోపాటు ఒక బలం మందు సీసా ఇచ్చేవాడు. "నీకు ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిపోయిందయ్యా" అన్నది ఆయన తీర్పు. మా ఇంటిల్లిపాదీ దాన్ని నమ్మాం.

మూడేళ్ళ క్రితం, విత్తనానికని చేలో షెడ్డులో ఉంచిన రెండు బస్తాల మినుములు చెమ్మ తగిలి బూజు పట్టాయి. నాన్న రోజూ ఆ షెడ్డులోనే పడుకుంటాడు. ఆ ముక్క వాసన ఆయనకి తెలియలేదు. ఒక మధ్యాహ్నం అన్నం క్యారేజీ తీసుకెళ్ళిన మా అమ్మ గుమ్మంలోనే ఆగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇదేంటయ్యా, ఇంత కంపు!" అంది. నాన్న ఏమీ అనలేదు. దోసెడు మినుములు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ బస్తాలో పోసేశాడు. రైతుకి ముక్కు అలంకారం కోసం కాదు. ధాన్యం ముక్కుతోందో లేదో, పురుగుమందు డబ్బా కారుతోందో లేదో కంటికంటే ముందు చెప్పేది ముక్కే.

స్లైడు మీద ఎర్ర గింజలు

ఈ కథలోకి సైన్సు వచ్చింది మా జువాలజీ ల్యాబులో. రెండవ సంవత్సరం ప్రాక్టికల్స్‌లో ఎవరి రక్తం వాళ్ళే పరీక్షించుకునే రోజు ఒకటుంది. వేలు స్పిరిట్‌తో తుడిచి, లాన్సెట్‌తో పొడిచి, స్లైడు మీద ఒక చుక్క పెట్టి, రెండో స్లైడు అంచుతో పల్చగా లాగాలి. ఆరాక లీష్మన్ రంగు పోసి, కడిగి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద పెట్టి నూరు తెల్లకణాలు లెక్కపెట్టాలి. నా లెక్క ఇలా తేలింది: న్యూట్రోఫిల్స్ 53, లింఫోసైట్స్ 31, మోనోసైట్స్ 4, ఇసినోఫిల్స్ 12.

పుస్తకం ప్రకారం ఇసినోఫిల్స్ నూటికి ఒకటి నుంచి ఆరు దాకా ఉండాలి. మళ్ళీ లెక్కపెట్టాను. 11 వచ్చాయి. రికార్డులో 4 అని వేసేద్దామా అనిపించింది. ప్రాక్టికల్స్‌లో ఇలాంటి పని చెయ్యనివాళ్ళుంటే చెయ్యెత్తండి! ఇంతలో మా మేడమ్ వచ్చి మైక్రోస్కోపులోకి తొంగిచూశారు. ఇసినోఫిల్‌ని గుర్తుపట్టడం తేలిక. కేంద్రకం రెండు ముక్కలుగా కళ్ళజోడులా ఉంటుంది. కణం నిండా ఇటుక రంగు రేణువులు, దానిమ్మ గింజలు కూరినట్టు.

"ఏమయ్యా, పొద్దున్నే తుమ్ములొస్తాయా?" అన్నారు మేడమ్.

"వస్తాయండీ."

"కడుపులో నులిపురుగులేమైనా ఉన్నాయా?"

క్లాసంతా గొల్లుమంది. "నవ్వుతారేం? ఈ రెండు ప్రశ్నలకీ సంబంధం ఉంది. అదేమిటో చదువుకొచ్చి వచ్చే వారం చెప్పు" అన్నారావిడ. నులిపురుగుల బిళ్ళ వేసుకున్నాను, తుమ్ములు పోలేదు. జవాబు కోసం లైబ్రరీకి వెళ్ళినవాణ్ణి ఇంకా తిరిగి రాలేదనే చెప్పాలి. ఈ వ్యాసం ఆ జవాబే.

ముక్కు చేసే చాకిరీ

మనిషి రోజుకి సుమారు 10,000 లీటర్ల గాలి పీలుస్తాడు. దాంతోపాటు దుమ్ము, పుప్పొడి, బూజు బీజాలు, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. వాటన్నిటికీ మొదటి గుమ్మం ముక్కు. లోపలి గోడలకి తడిగా ఉండే శ్లేష్మపొర ఉంది. దాని పై వరుస కణాలకి శైలికలనే సన్నని నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్టు ఈ నూగు సెకనుకి పది పదిహేనుసార్లు ఒకే వైపుకి ఊగుతుంది. దాని మీద పరుచుకున్న చీమిడి నిమిషానికి అయిదారు మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపు జారుతుంది. చీమిడిని అసహ్యించుకుంటాం గాని, అది దుమ్ముని పట్టే జిగురు, ఊడ్చే చీపురు రెండూను. ముక్కులో చిన్న శాకరిన్ రవ్వ పెట్టి, ఆ తీపి నాలుక వెనక్కి ఎంతసేపట్లో తెలుస్తుందో చూసి వైద్యులు ఈ ప్రవాహాన్ని కొలుస్తారు. ఆరోగ్యవంతుడికి ఇరవై నిమిషాల లోపే తెలుస్తుంది.

ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటినే సైనస్‌లంటారు. వాటిలోని చీమిడి కూడా సన్నని ద్వారాల గుండా ముక్కులోకే దిగాలి. ద్వారం వాచి మూసుకుపోతే లోపల నీరు నిలిచిపోతుంది. మురుగు కాలువ పూడితే చేను ఏమవుతుందో రైతుబిడ్డలకి నేను చెప్పనక్కర్లేదు.

కాపలాదారులు

పొర కింద కాపలా ఉంటుంది. ఒంట్లోకి పరాయి వస్తువు వస్తే కొన్ని కణాలు దాని మీదికి నడిచి వెళతాయని మొదట కళ్ళారా చూసినవారు ఎలీ మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, పారదర్శకంగా ఉండే సముద్ర నక్షత్రపు డింభకాల్లో సన్నని ముళ్ళు గుచ్చి మర్నాడు చూశాడు. ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. దాదాపు అదే కాలంలో జర్మనీలో పాల్ ఎర్లిఖ్ అనే యువకుడు కణాలకి రకరకాల రంగులు పట్టించి వాటిని జాతులుగా విడదీస్తున్నాడు. 1878లో మాస్ట్ కణాన్నీ, మరుసటి ఏడు ఇసినోఫిల్‌నీ వర్ణించింది ఆయనే. ఇసిన్ అనే ఎర్ర రంగంటే ఇష్టపడే కణం కాబట్టి దానికా పేరు. ఈ ఇద్దరికీ కలిపి 1908లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మాస్ట్ అనే మాటకి జర్మన్‌లో మేపడమని అర్థం. కణం నిండా రేణువులు కనబడేసరికి, బాగా మేసిన కణం కాబోలు అనుకున్నాడు ఎర్లిఖ్. అది మేత కాదు, మందుగుండు! ఆ రేణువుల్లో హిస్టమిన్ ఉంటుంది.

ఇప్పుడు నా తుమ్ముల సంగతి చూద్దాం. మా పొలం గట్ల మీద, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా వయ్యారిభామే. అమెరికా ఖండం మొక్క, 1950ల మధ్యలో పూణే ప్రాంతంలో కనబడి దేశమంతా పాకింది. దాని పుప్పొడి ఒంటికి దురదే కాదు, ముక్కుకి వాపూ తెస్తుంది. నా తుమ్ములకి అదే కారణమని నేను పరీక్ష చేయించుకోలేదు, ఉదాహరణకి చెబుతున్నాను. ఆ పుప్పొడి మొదటిసారి ముక్కులో పడ్డప్పుడు ఏమీ జరిగినట్టుండదు. కాని పొరలో ఉండే డెండ్రైటిక్ కణం దాని ముక్కని పట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్ళి, అక్కడి టి-లింఫోసైట్లకి చూపిస్తుంది. కొందరిలో ఆ టి-కణాలు "ఇది శత్రువు" అని తీర్మానించి, టి.హెచ్.2 అనే రకంగా మారతాయి. ఇవి ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే రసాయనాలతో బి-కణాలకి ఆజ్ఞలు పంపుతాయి. బి-కణాలు ఆ పుప్పొడికే సరిపోయే ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తాయి. దీన్ని 1960ల మధ్యలో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజకాలు ఒకపక్క, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ మరోపక్క కనుక్కున్నారు. 1968లో దానికీ పేరు స్థిరపడింది.

ఈ ప్రతిరక్షకాలు వెళ్ళి మాస్ట్ కణాల ఒంటినిండా అతుక్కుని కూర్చుంటాయి. పందులు రాకుండా చేను చుట్టూ తీగ కట్టి ఖాళీ డబ్బాలు వేలాడదీస్తాం గదా, ప్రతిరక్షకం ఆ తీగ, మాస్ట్ కణం ఆ డబ్బా. రెండోసారి పుప్పొడి వచ్చి తీగని తాకగానే డబ్బా మోగుతుంది. రేణువులు పగిలి హిస్టమిన్ బయటపడుతుంది. నాడులకి తగిలితే దురద, తుమ్ము. రక్తనాళాలకి తగిలితే వాపు. గ్రంథులు ఊరితే నీళ్ళలా కారుడు. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. యాంటీహిస్టమిన్ బిళ్ళ ఆపేది ప్రధానంగా ఈ మొదటి మోతనే.

కాపలా ఎత్తెయ్యని సైన్యం

అసలు కథ ఇక్కడి నుంచే. మోత విని ఊళ్ళోవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చినట్టు, నాలుగు నుంచి ఎనిమిది గంటలయ్యాక రెండో దండు దిగుతుంది. అందులో ముఖ్యులు నా స్లైడు మీది ఎర్ర గింజలవాళ్ళే. టి.హెచ్.2 కణాలు విడిచే ఇంటర్‌ల్యూకిన్-5 ఎముక మజ్జలో ఇసినోఫిల్స్‌ని పుట్టించి, పెంచి, రక్తంలోకి తోస్తుంది. అవి రక్తంలో ఉండేది గంటలే. ఆ తరవాత కణజాలంలోకి దిగి రోజుల తరబడి అక్కడే మకాం వేస్తాయి. వాటి రేణువుల్లో విషతుల్యమైన ప్రొటీన్లున్నాయి.

అంత విషం ఎందుకు? ఇక్కడే మేడమ్ గారి రెండో ప్రశ్నకి జవాబు దొరికింది. మింగడానికి వీలుకాని పెద్ద శత్రువుల మీద, అంటే నులిపురుగుల్లాంటి వాటి మీద బయటినుంచే విషం చిమ్మడానికి. ఐ.జి.ఇ., మాస్ట్ కణం, ఇసినోఫిల్, ఈ ఏర్పాటంతా పురుగుల బెడద కోసమే వచ్చిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఫైలేరియా పురుగు వల్ల ఊపిరితిత్తుల్లో ఇసినోఫిల్స్ పేరుకుని రాత్రిళ్ళు దగ్గు తెప్పించే జబ్బు మన కోస్తా జిల్లాలకి కొత్తది కాదు. దానికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలకి నాయకత్వం వహించిన రోజుల్లోనే వెలువడిందని ఈ సందర్భంలో గర్వంగా మనవి చేస్తున్నాను.

పురుగు కోసం దాచిన విషాన్ని పుప్పొడి మీద చిమ్మితే పుప్పొడికి పోయేదేమీ లేదు, పొర కాలిపోతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. ఆ ఎలుకైనా రోజూ వస్తుంటే? నిన్నటి దండు వెళ్ళకముందే ఇవాళ్టి దండు దిగుతుంది. అందుకే సీజను మొదట్లో తుమ్ము రావడానికి కావలసినంత పుప్పొడి సీజను చివర్లో అక్కర్లేదు, చిటికెడు చాలు. అప్పుడు అగరుబత్తి పొగ తగిలినా తుమ్మే.

ఇంకో సంగతి. దెబ్బతిన్న పై పొర కణాలు ఊరికే చచ్చిపోవు, కేకలు పెడతాయి. టి.ఎస్.ఎల్.పి., ఇంటర్‌ల్యూకిన్-33 అనేవి ఆ కేకలు. వాటిని విని లేచే ఒక కొత్త రకం కణాల్ని 2010లో గుర్తించారు. ఐ.ఎల్.సి.2 అని పేరు. వీటికి ప్రత్యేకంగా ఫలానా శత్రువని ఎవరూ చూపించనక్కర్లేదు, కేక వినబడితే చాలు, ఇంటర్‌ల్యూకిన్-5నీ 13నీ పుంఖానుపుంఖాలుగా విడుస్తాయి. 13 వల్ల చీమిడి చిక్కబడుతుంది, 5 వల్ల ఇసినోఫిల్స్ మరిన్ని వస్తాయి, అవి పొరని మరింత కాలుస్తాయి, పొర మళ్ళీ కేకపెడుతుంది. గానుగెద్దు తిరుగుడు ఇదే. గడ్డిలోనూ, పాత గింజల్లోనూ పెరిగే ఆల్టర్నేరియా అనే బూజు ఈ కేకని పెట్టించడంలో దిట్ట అని తేలింది. అది చదివినప్పుడు నాకు మా చేలో షెడ్డే గుర్తొచ్చింది.

కొందరిలో వాచిన పొర నీరు పట్టి, బరువుకి కిందికి జారి వేలాడుతుంది. ముక్కులో కండ పెరిగిందని మనం అనేది దీన్నే. వైద్యులు పాలిప్ అంటారు. అక్కడ కాపురముండే స్టెఫిలోకాకస్ బాక్టీరియా విషాలు కూడా టి-కణాల్ని మందలు మందలుగా రెచ్చగొట్టి అగ్నికి ఆజ్యం పోస్తాయి. ఆ చీమిడి గోందులా బిగుసుకుపోతుంది. చచ్చిన ఇసినోఫిల్స్‌లోని ఒక ప్రొటీన్ సూదుల్లాంటి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వీటిని షార్కో-లేడన్ స్ఫటికాలంటారు. నూటయాభై ఏళ్ళకు పైగా వీటిని యుద్ధం తరవాత మిగిలిన చెత్త అనుకున్నారు. ఆ చెత్తే మళ్ళీ వాపుని రెచ్చగొడుతుందని 2019లో తేలింది. వాసన పట్టే నాడీకణాలు ముక్కు పైకప్పులో ఉంటాయి. కండ అడ్డుపడి గాలి అక్కడికి చేరదు, చేరినా చుట్టూ ఉన్న వాపు వాటిని పనిచెయ్యనివ్వదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వాసన పోవడమంటే ఏమిటో లోకమందరికీ తెలిసింది. మా నాన్నకి అప్పటికే తెలుసు.

అంటే మన ఆర్.ఎం.పి. గారి తీర్పు తలకిందులన్నమాట. రోగనిరోధక శక్తి తగ్గి కాదు ఈ జబ్బు. ఆ శక్తికి ఎక్కడ ఆగాలో తెలియక. ముక్కు మీద కోపం అంటామే, అక్షరాలా అదే.

అందరి ముక్కూ ఒకటి కాదు

ఇక్కడ నిజాయితీగా రెండు మాటలు చెప్పాలి. మొదటిది, అందరికీ ఇసినోఫిల్సే కారణం కాదు. కొందరి ముక్కులో న్యూట్రోఫిల్స్ గుమిగూడతాయి. ఇవి బాక్టీరియాని మింగే దండు, చీము వీటి శవాల రాశే. చైనాలో పరీక్షించిన పాలిప్స్‌లో పాశ్చాత్య దేశాల కన్నా ఈ రకం ఎక్కువగా కనబడింది. నిజంగానే ప్రతిరక్షకాలు లోపించి పదేపదే సైనస్ జబ్బులు వచ్చేవారు కూడా, కొద్దిమందే అయినా, ఉన్నారు. కాబట్టి ఎవరికి ఏ దండు దిగిందో చూడకుండా అందరికీ ఒకే మందు రాయడం, తెగులేదో చూడకుండా పురుగుమందు కొట్టడం లాంటిది.

రెండవది, "పల్లెటూరి వాళ్ళకి ఎలర్జీలేమిట్రా, అవి బంగళాల్లో వాళ్ళకి గదా" అన్నాడు నా రూమ్మేటు. అందులో కొంత నిజముంది. 2016లో అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాల పిల్లల్ని పోల్చి చూశారు. పాతపద్ధతిలో పశువుల మధ్య పెరిగే ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం, ఎలర్జీ బాగా తక్కువ. యంత్రాల వ్యవసాయం చేసే హటరైట్ పిల్లల్లో ఎక్కువ. పసితనంలో కొట్టం దుమ్ము కాపలాదారులకి ఓర్పు నేర్పుతుందని అభిప్రాయం. కాని ఆ ఓర్పు అందరికీ అబ్బదు. పెద్దయ్యాక పాతికేళ్ళు ఊక దుమ్ములో నిలబడ్డవాడికి అది కవచమూ కాదు.

మందు ఎవరి మీద?

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక నాన్నని పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు ముక్కులోకి సన్నని దుర్భిణీ గొట్టం పంపి తెర మీద చూపించారు. రెండు పక్కలా లేత బూడిద రంగులో, తడిగా, తాటిముంజ ముక్కల్లా వేలాడుతున్నాయి. "భయం లేదు పెద్దాయనా, వాచిన పొర ఇది. అయినా పరీక్షకి పంపుదాం" అన్నారు. ఆపరేషను చేసి తీసిన ముక్క రిపోర్టు వచ్చింది. అందులో ఇసినోఫిల్స్ మెండుగా ఉన్నాయని రాసి ఉంది. ల్యాబులో నా స్లైడు మీద చూసిన ఎర్ర గింజలు మళ్ళీ నా కళ్ళ ముందు కనబడ్డాయి.

బస్సులో తిరిగి వస్తూ నాన్నకి ఇదంతా నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. అంతా విని, "అయితే ఒరేయ్, నా ఒంట్లో కాపలావాళ్ళే నా ముక్కు మూశారంటావు. నేను బలం మందు తాగి వాళ్ళనే మేపానన్నమాట!" అన్నాడు. "ఆ మందుకి అంత బలం కూడా లేదులే నాన్నా" అన్నాను. చాలా రోజుల తరవాత ఇద్దరం నవ్వుకున్నాం.

ఆపరేషను తరవాత రెండు పనులు చెప్పారు. రోజూ ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం, స్టీరాయిడ్ స్ప్రే కొట్టుకోవడం. ఉప్పునీళ్ళు జిగురుని, పుప్పొడిని, స్ఫటికాల చెత్తని కడిగేస్తాయి. మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడాలి సుమా, కాలువ నీళ్ళు పనికిరావు. స్ప్రే చేసేది దండుని పిలిచే ఆ రసాయనాల తయారీని తగ్గించడం. స్టీరాయిడ్ అనగానే మా ఇంట్లో గగ్గోలు. అది న్యాయమే, ఆ బిళ్ళలు, సూదులు ఇష్టం వచ్చినట్టు వాడి చెడినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కాని స్ప్రేలో ఒక్కో పీల్పుకి ఉండేది మైక్రోగ్రాముల్లో. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ లాంటి వాటిలో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. ముక్కు మధ్య గోడ మీదికి కాకుండా, కొన కంటి వైపుకి వంచి కొట్టాలి. ఇవాళ కొడితే రేపు తగ్గదు, వారాలు పడుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ముక్కు దిబ్బడ చుక్కలు వేరు. అవి నిమిషాల్లో తెరుస్తాయి, వారం మించి వాడితే అవే మూస్తాయి.

నాన్న రెండు నెలలు శ్రద్ధగా వాడి, "బాగయింది గదా" అని మానేశాడు. నేను దసరా సెలవులకి వెళ్ళేసరికి మళ్ళీ దిబ్బడ. ఏమని చెప్పను? "నాన్నా, కలుపు ఒకసారి తీస్తే ఏడాదంతా రాకుండా ఉంటుందా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, లేచి వెళ్ళి స్ప్రే తెచ్చుకున్నాడు. ఐ.జి.ఇ.లు, ఐ.ఎల్.సి.లు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. ఆపరేషను కలుపు తీస్తుంది గాని కలుపు విత్తనాన్ని తియ్యదు. విత్తనం ఆ కణాల స్వభావంలో ఉంది.

ఆ స్వభావం మీదికే ఇప్పుడు కొత్త మందులొచ్చాయి. ఇంటర్‌ల్యూకిన్-4, 13లు రెండూ వాడుకునే ఒకే తలుపుని మూసే డ్యుపిలుమాబ్ అనే సూది మందుని ముక్కు కండలకి 2019లో అమెరికాలో అనుమతించారు. ఇంటర్‌ల్యూకిన్-5ని పట్టేసే మెపోలిజుమాబ్ 2021లో వచ్చింది. వీటితో కండలు కుదించుకుపోయి, వాసన తిరిగి వచ్చినవాళ్ళు చాలామంది. ఖరీదు మాత్రం మా బోటి కుటుంబాలకి అందేది కాదు. మన క్లాసులో రేపు పరిశోధనకి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, ఆ ధర తగ్గించే పని కూడా పరిశోధనేనని గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ముగించే ముందు, డాక్టర్ని కాకపోయినా, చదివినవాడిగా నాలుగు మాటలు. ముక్కు దిబ్బడ, కారుడు, వాసన తెలియకపోవడం మూడు నెలలు దాటితే చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి చూపించండి. ప్రతి రొంపకీ యాంటీబయాటిక్ మింగకండి, చాలాసార్లు అక్కడ చంపవలసిన బాక్టీరియా ఉండదు. ముక్కులో కండలతో పాటు ఉబ్బసం ఉన్నవారు ఆస్పిరిన్ జాతి నొప్పి బిళ్ళలు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. నూర్పిళ్ళప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళ ముక్కుకి కనీసం తడి తువ్వాలైనా కట్టించండి. ఇంత చదివి అంతమాత్రం చెయ్యకపోతే మన బి.యస్సీ. ఎందుకు?

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు సాయంత్రం వసారాలో కూర్చుని నేనూ నాన్నా ఎరువుల లెక్క చూస్తున్నాం. లోపల అమ్మ పప్పులో పోపు వేసింది. నాన్న తలెత్తి, "ఇవాళ ఇంగువ ఎక్కువేసినట్టున్నావే" అన్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. వాసన ఆయనకి కొన్ని రోజులు తెలుస్తుంది, కొన్ని రోజులు తెలియదు. కాపలావాళ్ళ కోపం పూర్తిగా చల్లారలేదు. కాని ఈసారి విత్తనాల బస్తాలు వాసన చూసి కట్టింది ఆయనే.